సేవ కోరు వస్తువులు

హైదరాబాదు పాతబస్తీలో నేటికిని కూలక నిలిచియున్న దేవిడీలలోనికి, వాని చుట్టునున్న చిన్న ఇండ్లలోనికి పోయి చూచినవారికి, డంగుసున్నపు గోడలయందు కమానులు తీర్చిన గూళ్లు కనబడును. అక్కడివారు వానిని తాఖులందురు. జానెడు లోతున్న ఆ గూళ్లలో ఒకదానియందు దీపము, ఒకదానియందు గ్రంథము, మఱియొకదానియందు అత్తరుబుడ్డియో పాన్‌దానో ఉండును. ఏమియు లేని గూడు ఏమియు లేకయే శోభించును. ఇల్లు కట్టునాడే మేస్త్రీ వస్తువులకు ఇంత చోటు చాలునని నిర్ణయించి, తగిన వస్తువు దొరకువఱకు వేచియుండు ఓర్పునుగూడ గోడకే ఇచ్చిపోయినట్లు తోచును. మన కాలపు ఇండ్లలో అద్దాల షోకేసు ముందుగా వచ్చును. దానిని నింపవలెనను ఆతురత వెనువెంటనే వచ్చును. ఆ ఆతురతలో కొన్న వస్తువులు ఎవరి ఇంట చూచినను ఒక్కతీరుగానే ఉండును. గృహప్రవేశములకు పోయినప్పుడెల్ల బంగారు రంగు పూసిన అవే గుఱ్ఱములను, అవే బుద్ధుని శిరస్సులను చూచి, ఆ ఇంటివారి జాడ వానిలో ఎక్కడ కలదా యని వెదకుట నాకు అలవాటైనది.

ఒక మనిషి రుచియు స్వభావమును అతడు చేర్చుకొన్న వస్తువులయందు ఎంతవఱకు ప్రతిఫలించునో చూడగోరువారు నయాపూల్ దాటి మూసీ దక్షిణపుటొడ్డునగల సాలార్‌జంగు ప్రదర్శనశాలకు పోవలెను. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889లో జన్మించి, 1912లో ఏడవ నిజామునకు దివానై, రెండేండ్లకే ఆ పదవిని విడిచి, 1949లో కన్నుమూయువఱకు అవివాహితుడుగానే ఉండి, దేశదేశముల వస్తువులను కూర్చుటయందే తన సంపదను, ఆయువును ధారపోసెను. ఆయన నివసించిన దివాన్ దేవిడీలోనే 1951 డిసెంబరు 16న ఆ వస్తుజాలమును నెహ్రూ ప్రజలకొఱకు తెఱచెను. 1968లో అది ఇప్పటి భవనమునకు తరలినది. అందులో ఆయన తాతగారు మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొన్న మేలిముసుగు రెబెక్కా శిల్పము కలదు. గంట కొట్టుటకు గడ్డపు మనిషి వెలికివచ్చు గడియారము కలదు. జనులు వాని ఎదుటనే గుమిగూడుదురు. నా కాళ్లుమాత్రము బిదిరీ సామానులవద్ద నిలుచును. ఆ హుక్కా కుండలు, ఆ సురాహీలు, ఆ పాన్‌దానులు ఒకప్పుడు ఎవరో ప్రతిదినము ముట్టుకొని వాడుకొన్నవి. ఎంత కాపాడబడినను, అద్దము వెనుకకు పోయిననాడే వానికి ఇంటివారి చేయి తప్పిపోయినది. ఆ లోటు అక్కడ నిలిచినప్పుడెల్ల నన్ను బాధించును.

బిదిరీ విద్య బహమనీ సుల్తానుల నాడు బీదరులో వేళ్లూనినదని పరంపరగా చెప్పుదురు. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరుగువఱకు బీదరు హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ ఊరు మైసూరులో కలిసినను, విద్య నెఱిగిన కుటుంబములు కొన్ని పాతబస్తీ గల్లీలలో నిలిచియేయున్నవి. అట్టి ఒక కార్ఖానా గుమ్మముకడ కూర్చుండి నేను ఎన్నో మధ్యాహ్నములు గడపితిని. తుత్తునాగము పదునాఱు పాళ్లకు రాగి ఒక పాలు చొప్పున కరిగించి, ఇసుక అచ్చులో పోసి, చల్లారిన రూపమును ఆకురాయితో నునుపుచేసి, దానికి మైలతుత్తపు నీరు పూయుదురు. దానితో తెల్లని లోహము తాత్కాలికముగా నల్లబడి, ఉలిమొన గీసిన ప్రతి గీతయు స్పష్టముగా కనబడును. ఉస్తాదు ముందు కాగితమేమియు ఉండదు. లతలు, ఆకులు, పువ్వులు నేరుగా చేతినుండి లోహముమీదికి దిగును. గీతవెంబడి సన్నని కాలువ త్రవ్వి, వెండితీగెను అందులో పఱచి, చిన్న సుత్తితో మెల్లమెల్లగా దింపును. తీగె దింపిన పని తార్‌కషీ, రేకు దింపిన పని తహ్‌నిషాన్. పిమ్మట వస్తువునంతను మఱల రుద్దగా మైలతుత్తపు నలుపు పోయి, వెండియు లోహమును ఒకే తెలుపున కలిసిపోయి, అన్ని దినముల శ్రమ కంటికి ఆనక మాయమగును. నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టమది. ఇంత పని ఇక్కడ జరిగినదని ఆ క్షణమున ఉస్తాదు ఒక్కనికే తెలియును. తరువాత, బీదరు కోటలో ఎండవానలు సోకని పాతకట్టడముల చాటునుండి తెచ్చిన మట్టిని నవాసాగరముతో నీట కలిపి, వేడిచేసిన వస్తువునకు పూయగా, చూచుచుండగనే లోహము కాటుకవలె నల్లబడును. వెండి ఆ మట్టికి లొంగక అట్లే నిలుచును. పదునాఱు పాళ్లకు ఒక పాలైన ఆ రాగియే లేకున్నచో ఆ నలుపు రానేరదు. మట్టి పనికివచ్చునో లేదో ఉస్తాదులు నాలుకమీద వేసికొని రుచిచూచి చెప్పుదురు.

లాల్‌దర్వాజలోని మా పినతల్లిగారింట ఆమె అత్తగారినాటి బిదిరీ పాన్‌దాన్ ఒకటి కలదు. ఒక ఏట బోనాల పండుగకు ఇత్తడి సామానులన్నియు దింపి తోముచు, క్రొత్తగా కుదిరిన పనిమనిషి దానినిగూడ చింతపండుతో తోమెను. పులుపు తగిలిన మేర నలుపు విఱిగి, మూతమీద బూడిదరంగు మచ్చలు తేలినవి. పిన్నికి ఆనాడు అన్నము సహింపలేదు. దానిని మూటగట్టుకొని ఉస్తాదువద్దకు పోయితిని. ఆయన మూతను వెలుతురునకు ఎత్తి, త్రిప్పి చూచి, “ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. నలుపు పోయింది గని చాంది ఏడ పోలే. మల్ల మట్టి పెడితే మల్ల నలుపైతది. అమ్మకు చెప్పుండ్రి, చింతపండు ఇత్తడికి, దీనికి కొబ్బరినూనె” అనెను. అట్లే అయినది. నాటినుండి ప్రతి శుక్రవారమును పిన్ని ఒక్కచుక్క నూనె మెత్తని గుడ్డమీద వేసి దానిని తానే తుడుచుకొనును. ఇప్పుడందులో తమలపాకులు లేవు. ఆమె కళ్లజోడు, మందుల చీటీలు, బీరువా తాళములు కలవు. మూతయంచున ఒకచోట తీగె రవంత లేచి చీరకొంగునకు తగులుచుండును. మాటలాడుచునే ఆమె బొటనవ్రేలితో దానిని అదిమి కూర్చుండబెట్టును. ఆ ఇంటికి వచ్చిన ఎవరైనను ఆమెయెవరో తెలిసికొనుటకు ఆ పెట్టెకంటె మంచి ఆధారము లేదు.

బిదిరీని నల్లజేయు నవాసాగరమే రాగిని తెల్లజేయుటకును తోడ్పడుట నన్నెప్పుడును ఆశ్చర్యపఱచును. కళాయివాని కొలిమిమీద రాగి దేగిసాను కాల్చి, లోపల నవాసాగరము చల్లినంతనే దట్టమైన తెల్లని పొగ లేచును. దానితో లోహపు మలినము విడిపోగా, తగరపు కడ్డీ తాకించి దూదితో చుట్టును రుద్దినచో లోపలియంతయు ఒక్క గుక్కలో తెల్లబడును. అరిగినప్పుడెల్ల కళాయి మఱల పెట్టింపవలసినదే. ఇంట అలంకారమునకు ఏ వస్తువు కొందుమని నన్నడుగువారికి నేను ఈ రెండు పనులను తలచుకొనియే బదులు చెప్పుచుందును. అది చెడినచో బాగుచేయువారు కలరా, దానికి మీ చేతితో చేయదగిన సేవ ఏమైన కలదా యని మొదట విచారింపుడు. అచ్చులో పోసి, పాతదానివలె కనబడుటకు పైన రంగుపూసిన నేటి బొమ్మకు ఏ సేవయు అక్కఱలేదు. విఱిగిననాడు చెత్తకుండికి పోవును. దానితో ఎన్నేండ్లు కాపురముచేసినను మన గుఱుతు దానిమీద పడదు. వస్తువు మనదగుటకు దానిని తుడుచుట, అతికించుట, మఱల మెఱుగుపెట్టించుట తప్ప వేఱు త్రోవ నాకు కనబడలేదు.

వెల సంగతి అందఱును అడుగుదురు. పురానాపూల్ సమీపమున గురువారమునాడు కూడు జుమ్మెరాత్ బజారులో విఱిగిన టేకు కుర్చీ, మూతలేని కంచుపాత్ర, నడుము వంగిన దీపపుసెమ్మె దొరకును. బాగుచేయించుటకు ఓపిక గలవానికి అవి చాలును. నిర్మలు పొనికికఱ్ఱ బొమ్మయైనను, చేర్యాల నకాషీ పటమైనను, ఛత్తాబజారు కాతిబు తన కలముతో వ్రాసియిచ్చిన ఇంటిపేరు పలకయైనను గూటికి నిండుదనము నిచ్చును. బిదిరీమాత్రము తేరగా రాదు, రాకూడదు. వెండి ధర పెరిగినకొలది తీగె సన్నగిల్లుచున్నదని, గిరాకీవారు తాళపుచెవుల గొలుసులే అడుగుచున్నారని ఉస్తాదు చెప్పుచుండును. ఆ మాట చెప్పునప్పుడు ఆయన కంఠమున వినబడు దుఃఖము న్యాయమైనది. ఆయన చేతికి తగిన పని మనమడిగినప్పుడే ఆ చేయి నిలుచును. ఒక్క వస్తువే కొనుడు. అయితే మీ ఇంటికై చేయించుకొనుడు.

మా మేనకోడలి క్రొత్త ఇంటికి ఈ ఏడు అట్టి పెట్టెయొకటి చేయింపబూనితిని. ఉస్తాదు అలవాటైన నమూనాలు చూపెను. గసగసాల పువ్వు, అష్రఫీల వరుస, ద్రాక్షతీగె. ఆ పిల్ల బాల్యమంతయు సిద్దిపేట చేలగట్లమీద బతుకమ్మకు పువ్వు ఏరుటలో గడచినది. తంగేడు పువ్వు వేయగలవా యని అడిగితిని. “చూసిన గని చెక్కలే సాబ్. ఒక కొమ్మ తెండ్రి, చూడకుండ చేతికి రాదు” అనెను. కొమ్మ తెచ్చియిచ్చితిని. ఆయన అద్దాలు సవరించుకొని, ఒక పువ్వును తుంచి, ఐదు రేకులను ఒక్కొక్కటిగా బల్లమీద పఱచి, కేసరములలో క్రిందివి పొడవై కొడవలిగా వంగియుండుటను వ్రేలితో చూపెను. రేకులకు తహ్‌నిషాన్, కేసరములకు తార్‌కషీ అని అప్పుడే నిశ్చయించెను. పిదప కొమ్మ చివర వ్రేలాడు చప్పిడి కాయను పట్టుకొని, “ఇది కూడ పెడుదం సాబ్. పువ్వొక్కటే పెడితే ఏ చెట్టో ఎట్ల తెలుస్తది?” అనెను. కాయ పెట్టినచో వెండి పెరుగును, పనియు పెరుగును, నెల దాటునని చెప్పెను. పెట్టుమంటిని.