చిన్న రష్యాలో ఒక పూట

సెంట్ పీటర్స్‌బర్గ్ నగరంలో 2012లో ప్రారంభమైన ‘గ్రాండ్ మాకెట్ రష్యా’ ప్రదర్శనశాలను మేము చూశాము, మెచ్చుకున్నాము. 800 చదరపు మీటర్ల మీద, 1:87 కొలతలో, పసిఫిక్ తీరం నుండి కలినిన్‌గ్రాడ్ దాకా ఒక దేశాన్ని పరచడం సామాన్యమా! సెర్గేయ్ మొరోజోవ్ గారు తలపెట్టిన పని ఇది. రైళ్ళు పోతుంటాయి, కార్లు పట్టాలు లేకుండానే తిరుగుతుంటాయి. కొద్ది నిమిషాలకే చీకటి పడి ఊళ్ళన్నీ దీపాలతో మెరుస్తాయి. పనితనానికి వంక పెట్టలేము.

అయితే మీట నొక్కితే బొమ్మ కూలీ పని మొదలుపెడతాడు. పిల్లలకు సరదాయే. తెల్లవారకముందే తోటలో గంట మోగితే లేచి పరుగెత్తిన వారి మనుమలం కనుక మాకు మాత్రం చెయ్యి ఆడలేదు.

ఇక్కడ పగలూ రాత్రీ ఉన్నాయిగాని నిన్న అనేది లేదు. సైబీరియా రైలుమార్గం 1891లో మొదలైంది. దాని పనిలో ఖైదీల చేత కూడా చాకిరీ చేయించారు. బొమ్మరైలు ఆ మాట ఎలా చెబుతుంది? చాలావరకు ఏ ఊరినీ ఉన్నదున్నట్లు దించక, దేశపు పోలికను కలగలిపి కట్టారు. అందువల్ల అందం వచ్చింది, ఎవరి కథా రాలేదు.

మన రబ్బరు తోటకు ఇలాంటి నమూనా ఎవరైనా చేస్తారా? ఈ కొలతలో పదడుగుల లయం గది మూడున్నర సెంటీమీటర్లు, మనిషి రెండు. ఆ గదిలో ఎందరిని పడుకోబెట్టాలో మన ముసలివాళ్ళను అడగాలి.