గొయ్యి తవ్వినంత మాత్రాన

ఫ్రిజ్ తలుపు మీదో, తడి చేత్తో ముట్టుకున్న గ్రైండరు మీదో చెయ్యి జిల్లుమన్నప్పుడు తెలుగు ఇళ్లలో ‘ఎర్త్ కొడుతోంది’ అనడం పరిపాటి. వాడుకలో ఎంత స్థిరపడినా ఈ మాట అర్థం తలకిందులైంది. ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవలసిన విద్యుత్తు, ఆ దారి లేకనో, ఉన్నా చాలకనో, పరికరపు లోహపు తొడుగు మీదే నిలిచి, ముట్టుకున్న మనిషి శరీరాన్ని దారిగా చేసుకోవడమే అక్కడ జరుగుతున్నది. జబ్బుకు మందు పేరు పెట్టినట్టున్న ఈ వాడుకను ఎవరూ మార్చలేరు గానీ, రెండు రంధ్రాల సాకెట్టులో పట్టడం లేదని ప్లగ్గులోని మూడో పిన్నును పీకేసే అలవాటునైనా మార్చుకోవచ్చు. ఆ పిన్ను మిగతా రెంటికన్నా పొడవుగా ఉండటం వల్ల ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ అన్నిటికన్నా ముందు అతుకుతుంది, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోతుంది. లావుగా ఉండటం వల్ల పొరపాటున కూడా ఫేజు రంధ్రంలో దూరదు.

ఇల్లు కట్టేవారిలో చాలామందికి ఎర్తింగ్ అంటే పెరట్లో ఒక గొయ్యి తవ్వి, రెండున్నర మీటర్ల జీఐ పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి నీళ్లు పోయడం. ఈ పద్ధతి వెనక ఉన్న తర్కం గట్టిదే. పైపు నుంచి భూమిలోకి పోయే విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధంలో ఎక్కువ భాగం పైపును ఆనుకుని ఉన్న మట్టిలోనే ఉంటుంది కాబట్టి, ఆ కాస్త మట్టినీ తడిగా, విద్యుత్తును తేలిగ్గా పోనిచ్చేదిగా ఉంచగలిగితే పని చాలావరకు నెరవేరుతుంది. అయితే ఉప్పు ఏటేటా వానలకు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ పైపును తింటుంది. నల్లరేగడి నేల తేమను పట్టి ఉంచుతుందన్నది నిజమే అయినా, ఎండాకాలంలో నెర్రెలిచ్చి పైపును వదిలేసి పక్కకు జరుగుతుంది. హైదరాబాదు వంటి చోట్ల కాస్త తవ్వగానే రాయి తగులుతుంది. ఒకే కొలతతో తవ్విన రెండు గోతులు రెండు ఊళ్లలో ఒకే ఫలితం ఇవ్వకపోవడానికి కారణం ఇదే. పైపును లావు చేయడం కన్నా లోతుకు దించడం మేలన్నది కూడా గుర్తుంచుకోవలసిన సంగతి, ఎందుకంటే లావు రెట్టింపు చేస్తే నిరోధం సుమారు పదో వంతు తగ్గితే, ఒకే రకపు నేలలో లోతు రెట్టింపు చేస్తే దాదాపు 40 శాతం తగ్గుతుంది.

గొయ్యి ఉంది కదా అన్న ధీమా ఎక్కడ దెబ్బతింటుందో చిన్న లెక్క చెబుతుంది. స్తంభం నుంచి ఇంటికి ఫేజు, న్యూట్రల్ అనే రెండు తీగలే వచ్చినప్పుడు, గీజరు లోపల ఫేజు లోహపు తొడుగుకు తగిలితే, లీకైన విద్యుత్తు ఇంటి గొయ్యిలో దిగి, మట్టి గుండా ప్రయాణించి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్త్‌కు చేరాలి. ఇంటి గొయ్యి నిరోధం 50 ఓములనుకుంటే, 230 వోల్టుల ఒత్తిడికి ఆ దారిలో పారేది 4.6 ఆంపియర్లు మాత్రమే. గీజరుకు బిగించిన 16 ఆంపియర్ల ఎంసీబీకి, అంటే కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చుకు, అది మామూలు లోడుకన్నా తక్కువ. కాబట్టి అది ఎంతసేపైనా పడదు, గీజరు తొడుగు ఇంచుమించు 230 వోల్టుల మీద స్నానాల గదిలో వేచి ఉంటుంది. అదే ఎంసీబీ వెంటనే పడాలంటే, బి రకానిదైనా 80 ఆంపియర్ల దాకా పారవలసి రావచ్చు. దానికి దారి మొత్తం నిరోధం మూడు ఓములు దాటకూడదు. ఒక్క పైపుతో అంత తక్కువ సాధించడం మంచి నేలలోనే కష్టం, రాతి నేల సంగతి చెప్పనక్కర్లేదు.

ఎలక్ట్రీషియన్లు ఎక్కువగా నమ్ముకునే బల్బు పరీక్ష ఈ లోపాన్ని పట్టుకోలేదు. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య పెట్టిన 100 వాట్ల బల్బు నిరోధం సుమారు 529 ఓములు గనక, 50 ఓముల గొయ్యితో కలిసినా దానికి 210 వోల్టులు అందుతాయి, అది నిండుగా వెలుగుతుంది, ఇంటివారు తృప్తిపడతారు. బల్బు వెలిగితే తీగ ఎక్కడా తెగలేదని మాత్రమే రుజువవుతుంది. ఇంతకన్నా ఘోరమైనది, ఎర్త్ తీగే లేని పాత ఇళ్లలో సాకెట్టు వెనక చిన్న తీగ ముక్కతో ఎర్త్‌ను న్యూట్రల్‌కు కలిపేయడం. దానికి ముందు ఎక్కడో న్యూట్రల్ తెగిన రోజున, వెలుగుతున్న ఏ దీపం గుండానో ఫేజు వెనక్కి తిరిగి, ఆ ముక్క ద్వారా ఫ్రిజ్ ఒంటికే ఎక్కుతుంది. దీన్ని సర్దుబాటు అనడం తప్పు, ఇది ఉచ్చు.

ఈ లెక్కలన్నిటికీ జవాబు ఆర్‌సీసీబీ. ఫేజులో వెళ్లిన విద్యుత్తునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన విద్యుత్తునూ నిరంతరం పోల్చి చూస్తూ, తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే సరఫరాను తెంచే ఈ పరికరానికి 50 ఓముల గొయ్యి పుష్కలం. వెయ్యి ఓములున్నా తొడుగు మీద 30 వోల్టులు మించకముందే అది పడిపోతుంది. అలాగని ఎర్త్ తీగ అక్కర్లేదనుకోవడం పొరపాటు, ఎందుకంటే ఆ తీగ లేని ఇంట్లో ఎవరో ఒకరు ముట్టుకుని షాక్ తిన్నాకే ఆర్‌సీసీబీకి లీకు సంగతి తెలుస్తుంది. దాని మీదున్న ‘టి’ మీటను అప్పుడప్పుడు నొక్కి చూడటం మంచిదే గానీ, ఆ మీట పరీక్షించేది పరికరాన్నే, గొయ్యిని కాదు.

గొయ్యిని పరీక్షించడానికి ఎర్త్ టెస్టరు అనే మీటరు ఉంది. నేల బాగా ఎండిన మే నెలలో దానితో కొలిపిస్తే అసలు సంగతి బయటపడుతుంది. సబ్‌స్టేషన్లలో ప్రతి గొయ్యి పక్కనా దాని ఓములూ, కొలిచిన తేదీ రంగుతో రాసి పెడతారు. ఇంటి గొయ్యి పక్కన కూడా ఆ రెండు అంకెలు రాయించండి.