కారు మాట్లాడుకొనుట

విజయనగరమునుండి రామతీర్థము సుమారు 12 కిలోమీటర్లు. అంతమాత్రమునకు ఆర్టీసీ బస్సు చాలదా యని అడుగువారు కలరు, చాలును. కాని ఉదయమున రామతీర్థమును, సాయంకాలమున శ్రీకూర్మమును, అరసవల్లిని సేవించి చీకటి పడకమున్నే శ్రీకాకుళము చేరగోరు వృద్ధులకు గాని, నావలె కొండ కనబడిన చోటనెల్ల దిగి నిలుచుండు దురభ్యాసము గలవారికి గాని, డ్రైవరుతో కూడ కారు మాట్లాడుకొనుటకంటె సుకరమైన మార్గము లేదు.

ఈ బేరమునకొక శాస్త్రము కలదు. కిలోమీటరుకింత, ఆగినచోట గంటకింత, టోలు వేరు, డ్రైవరు బత్తా వేరు. వీనిని ముందుగా తేల్చుకొననివాడు దారిపొడుగునను చేలను చూడక మీటరునే చూచుచు కూర్చుండును. దూరము బండి షెడ్డు విడిచినది మొదలు మరల షెడ్డు చేరువరకు లెక్కకు వచ్చును గనుక, మనము శ్రీకాకుళమున దిగిపోయినను ఖాళీ బండి మరలివచ్చు ఖర్చు మనదే. ఇది అన్యాయమని వాదించువారు, ఆ మరలివచ్చువాని కాలమునకు వెల యెవరు కట్టవలెనో చెప్పరు.

నేను మాత్రము ఏ ఊరి దారులలో తిరుగవలెనో ఆ ఊరి బండినే కోరుదును. ఒకప్పుడు బండి ఫలకమే దాని జిల్లాను చెప్పెడిది: ఏపీ 30 యన్న శ్రీకాకుళము, 31 యన్న విశాఖపట్టణము, 35 యన్న విజయనగరము. 2019లో రాష్ట్రమంతటికిని 39 అను ఉమ్మడి సంఖ్య వచ్చుటచే, ఇప్పుడు డ్రైవరు నోరు విప్పినగాని అతడే సీమవాడో తెలియదు. అందుచేతనే నేను ముందుసీటున కూర్చుందును. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడరులో ముందుసీటు బల్లవలె ఒకటే యగుటచే సంభాషణము తప్పనిదై యుండెను. ఇప్పటి ప్రయాణికుడు వెనుక సీటున ఒరిగి, సెల్‌ఫోనులోని పటము చెప్పిన మలుపును తాను మరల చెప్పుచు, జన్మమంతయు ఆ దారిలోనే తిరిగినవానికి దారి నేర్పుచున్నాడు.

ఇటీవల నెల్లిమర్ల జూటుమిల్లు దాటునపుడు, ముందు కొండలు చూచి పిమ్మట స్వామిని దర్శింతమని నేననగా మా డ్రైవరు ఒప్పుకొనలేదు. "రామతీర్థాలు గుడికే ముందెల్లిపోదాం బాబూ. మజ్జేన్నం కట్టేత్తారు. కొండలెక్కడికెల్తాయి?" వాడుకభాషకై పోరాడిన గిడుగువారు పుట్టిన సీమలో ఇట్టి పలుకును నా గ్రాంథికములోనికి దిద్దుట పాపమని విన్నది విన్నట్లే వ్రాయుచున్నాను. దర్శనానంతరము, గురుభక్తులకొండమీది బౌద్ధ విహారముల శిథిలములను గూర్చియు, దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్యుడగు విమలాదిత్యుని నాటి శాసనము త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుని పేర్కొనుటను గూర్చియు నేను ప్రసంగించుచుండగా అతడు ఓపికతో విని, "అయ్యన్నీ నిజిమే గాని బాబూ, ముందా నీళ్లసీసా అట్టుకోండి" అని చేతికిచ్చెను. మహాశివరాత్రి జాతరనాడు బండ్లను ఎంత దూరముననే ఆపివేయుదురో, నడవలేని తల్లులను ఏ ప్రక్కనుండి గుడికి చేర్చవచ్చునో కూడ అతడే చెప్పెను. శాసనములు చదివిన నాకు ఈ సంగతి యేదియు తెలియదు.

బేరమున చేరని సరకు మరియొకటి కలదు: నిద్ర. మదరాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పల్లకీలో కాశికి బయలుదేరి, తిరుగుదారిలో ఈ కళింగతీరము మీదుగా సాగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. ఆ పల్లకీ మోసిన బోయీలకు భుజము మార్చుకొనుటకు తోడివారుండిరి. ఈనాటి సారథికి భుజము మార్చువాడు లేడు. తెల్లవారుజామున రైలు దిగినవారిని ఇల్లు చేర్చి, పగలు మనలను త్రిప్పి, రాత్రి పెండ్లివారిని దింపవలసినవాడు, మనము దైవదర్శనమున నున్న ఆ కొంతసేపే సీటు వెనుకకు వాల్చి కన్ను మూయును. అప్పుడు అద్దము తట్టి లేపి, పది నిమిషములలో బయలుదేరవలెనని గద్దించు భక్తులను చూచియున్నాను. వారి భక్తి నాకెన్నడును నచ్చలేదు. తాము భోజనమునకు లోనికి పోవుచు డ్రైవరు తిన్నాడో లేదో యడుగని వారును అట్టివారే. 2010లో సంఖ్య మారి 16 అయిన పాత ఐదవ నంబరు జాతీయరహదారి మీద, మిట్టమధ్యాహ్నమున, లారీల నడుమ, తిండియు నిద్రయు చాలనివాని చేతిలో ప్రాణములు పెట్టి కూర్చుండుట యెట్టి పొదుపో నాకు తెలియదు.

నాటి మధ్యాహ్నము భోజనమైన పిమ్మట, అతని కన్నులు చూచి, అరగంట పండుకొమ్మని బలవంతపెట్టితిని. "టైమైపోద్ది బాబూ" అనుచునే చెట్టుక్రింద బండి నిలిపి నిద్రించెను. శ్రీకాకుళమున లెక్క చూచుకొనునపుడు, ఆగిన గంటలలో ఆ అరగంటను అతడు కొట్టివేసెను. నిలిపించినది నేను గనుక అదియు కలుపవలెనని నేనంటిని. "నాను తొంగున్నదానికి మీకాడ డబ్బులేటి బాబూ?" అని అతడనెను. కారు మాట్లాడుకొన్నప్పుడు కిలోమీటరుకు రూపాయి తగ్గించుమని నేను చేసిన వాదమంతయు ఇప్పుడు తలక్రిందులై, ఎక్కువ తీసికొమ్మని నేనును తక్కువ ఇమ్మని అతడును పెనగులాడితిమి. ఆ బేరము అతనిదే నెగ్గినది.