పాల ఎక్కిలి

ఎక్కిలీ, నీ అలికిడి నాకు కొత్త కాదు. ఎనిమిదో నెలలో ఎడమపక్కకి ఒత్తిగిలి పడుకుంటే పొత్తికడుపులో ఒకే చోట, ఒకే లయలో తట్టేదానివి. కాలితో తన్నితే ఎటు పడితే అటు తగులుతుంది. నువ్వు మాత్రం తూచినట్టు ఒక్కచోటే. అరచెయ్యి ఆనించి లెక్కపెట్టేదాన్ని. గర్భం 9 వారాలకే నువ్వు మొదలవుతావట! గాలే లేని ఉమ్మనీటిలో ఊపిరికి ఓనమాలు దిద్దించిన తల్లివి.

ఇప్పుడు బయటికొచ్చి గొంతు తెచ్చుకున్నావు.

తెల్లవారుజాము మూడు. తాగి తాగి, బిగించిన పిడికిలి వదిలేసి, రొమ్మూ వదిలేసింది నా చిట్టితల్లి. పెదవి మూల పాలచుక్క అదిరింది. హిక్! ఒళ్ళంతా ఎగిరింది. పాలతో, మింగిన గాలితో పొట్ట ఉబ్బి పైకి ఒత్తితే, ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకున్న డయాఫ్రమ్ ఉలిక్కిపడుతుంది. గాలి లోపలికి దూకుతుంది. 35 మిల్లీసెకన్లలో గొంతు తలుపు మూసుకుంటుంది. ఆ తలుపు చప్పుడే నువ్వు. ఎంత చిన్న తలుపో!

తేనె చుక్క నాకించమన్నారెవరో. వద్దు, ఏడాది నిండేదాకా తేనె వద్దు. ఆరు నెలలదాకా మంచినీళ్ళూ వద్దు. భుజాన వేసుకుని వీపు నిమురుతున్నాను. ముందు త్రేన్పు రానీ.

మా అమ్మమ్మ లేచొచ్చింది. కొంగు అంచున పోగు తెంపి, తడిపి, బిడ్డ నుదుట అంటించింది. "పేగు పెరుగుతోందే, పెరగనీ" అంది.

2019లో వెలువడిన ఒక అధ్యయనం కోసం లండన్‌లో, యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 13 మంది పసికందుల తలకి సన్నటి తీగలు అంటించి నీకోసం కాచుకున్నారు. నువ్వు వచ్చినప్పుడల్లా మెదడులో అలలు లేచాయి. మూడో అల అచ్చం చప్పుడు విన్నప్పుడు లేచే అలలా ఉందట. అంటే బిడ్డ తన చప్పుడు తనే వింటోందేమో! రొమ్ము కింద ఎగిరిందీ చెవిన పడిందీ ఒకటేనని, ఈ ఊపిరి తనదేనని, నీ చేతే తెలుసుకుంటోందేమో. పెరిగేది పేగు కాదు అమ్మమ్మా. కానీ ఏదో పెరుగుతోందని, ఏ తీగా లేకుండా, తడిపోగు పట్టుకుని ఎలా కనిపెట్టావు?

హిక్.

ఎవరో తలుచుకుంటున్నారంటారు కదా. కువైట్‌లో ఇప్పుడు రాత్రి పన్నెండున్నర. బిడ్డని ఇంకా ఎత్తుకోని చేతులు అక్కడ డ్యూటీ దిగి గదికి చేరుతుంటాయి. ఫోను బిడ్డ గొంతు దగ్గర పెట్టి నీ చప్పుడు పట్టాను. ఏడు ఎక్కిళ్ళు, మధ్యలో మా అమ్మమ్మ దగ్గు. పంపేశాను.

త్రేన్పు వచ్చింది. పుల్లటి పాలవాసన నా భుజం మీద. నువ్వు ఆగిపోయావు. తడిపోగు ఆరి నుదుటి నుంచి జారింది. నేనింకా ఆ చిన్న వీపు మీద అరచెయ్యి ఆనించే ఉన్నాను, ఎనిమిదో చప్పుడు కోసం.