షటిల్ - నాడె : ఒక పదవిచారము

భివండీ మరమగ్గముల శాలలో తెలుగు నేతపనివాడు నాడెను మరాఠీ మాటతో ‘ధోటా’ యనును. ఆతని బిడ్డ ‘షటిల్’ అనగా బ్యాడ్మింటన్ ఆటలోని ఈకలబంతి యని చెప్పును. ఆ రెండింటికిని నాడెయే మూలము.

ప్రాచీనాంగ్లమున ఈ పదమునకు విసరెడు ఈటె యని యర్థము. విసరుటను దెలుపు ‘షూట్’, గడియ త్రోయుట నుండి పుట్టిన ‘షట్’ దీని జ్ఞాతులే. పడుగు నడుమ చేత విసరు కొయ్యకు ఆ పేరు చెల్లినది. 1733లో జాన్ కే త్రాటితో నడచు నాడెకు పేటెంటు పొందెను. అయినను తరువాతి యర్థములు విసరుట నుండి గాక, పోయి మరల వచ్చుట నుండి పుట్టినవి. ఈకలబంతి, రెండూళ్ల నడుమ తిరుగు షటిల్ రైలు, 1981 నుండి 2011 వరకు నెగిరిన అమెరికా స్పేస్ షటిల్ - అన్నిటను మగ్గపు నడకయే యున్నది.

ఇచ్చటనే మన యనువాదకులు జారిరి. స్పేస్ షటిల్‌ను ‘వ్యోమనౌక’ యన్నచో నౌక మిగిలినది, రాకపోకలు పోయినవి. మరలి వచ్చి మరల నెగురుటయే గదా దాని విశేషము! ‘వ్యోమనాడె’ యన్న నవ్వుదురేమో. ఆంగ్లభాష మాత్రము సిగ్గుపడక సాలెవాని కొయ్యముక్కను ఆకాశమున కెక్కించినది. తెలుగు బైబిలున యోబు గ్రంథమందు వడిగా గడచు దినములకు నాడె యుపమానమైనది. అదియును హీబ్రూ పోలికయే.

నేటి రేపియర్, ఎయిర్‌జెట్ మగ్గములకు నాడె లేదు. ఆంగ్లమున వానిని ‘షటిల్‌లెస్’ అందురు గావున, వస్తువు పోయినను పేరు నిలిచినది. అట్టి మగ్గము చేరిన చోట ‘నాడె’ యను మాట తాతల నోటనే వినవలెను.