కదలని పల్లకి

మృత్యువు సమీపించినపుడు కవి తన బాల్యాన్ని తలచుకోవడం ఒక విధమైన పలాయనమని కొందరి అభిప్రాయం. రవీంద్రనాథ ఠాకూరు కడపటి రచనలు ఈ అభిప్రాయాన్ని నిలువనీయవు. 1937లో వచ్చిన తీవ్రమైన జబ్బు ఆయనను మృత్యుముఖం దాకా కొనిపోయినది. 1940లో వెలువడిన 'ఛేలేబేలా'లో ఆయన జొరాసాంకో ఇంటి చిన్ననాటి ముచ్చట్లను స్మరించాడు. అందులో నాయనమ్మ కాలంనాటి పాత పల్లకి ఒకటి కలదు. దానిని మోసే బోయీలు లేరు, అది కదలదు. అయినను అందులో కూర్చున్న పిల్లవాడు ఊహలోనే దేశాలు తిరిగివస్తాడు.

ఆ యేడే సెప్టెంబరులో, కాలింపాంగులో ఉండగా, కవి మరల మంచం పట్టాడు. ఇక రోగశయ్యయే ఆయనకు పల్లకి అయినది. 'రోగశయ్యాయ్', 'ఆరోగ్య' సంపుటాలలో బాధను కప్పిపుచ్చడం లేదు; నిద్రలేని రాత్రులు ఉన్నవి. కాని తెల్లవారీ తెల్లవారకముందే వచ్చే ఊరపిచ్చుకను కవి పలకరించినపుడు, ఆ పిల్లవాని కుతూహలమే మనకు వినవస్తుంది. ఈ కవితలన్నియు సమానమైనవి కావు. కొన్నింట తత్త్వచింతన అనుభవాన్ని మింగివేసినది. పిచ్చుకవంటి అల్పవస్తువు దొరికిన చోటనే కవిత్వం పండినది.

1941 ఆగస్టు 7న ఆ జొరాసాంకో ఇంటనే ఆయన కన్నుమూశాడు. బ్రదుకగలననే ధీమా ఆయన ఆశావాదానికి ఆధారం కాదు. కదలలేని స్థితిలోను చూడదగినది ఇంకను మిగిలియున్నదనే నమ్మికయే దానికి ఆధారం. ఆ నమ్మిక పాత పల్లకిలో అలవడినదే.