జీపులో ఏదో సౌండు

పాత జీపులున్న మిత్రుల ఫోన్లలో సగం ఒకే మాటతో మొదలవుతాయి: ‘అన్నా, ఇంజన్లో ఏదో సౌండొస్తోంది.’ ఎక్కడి నుంచి అని అడిగితే గడగడా చెప్పేస్తారు. కుడివైపు, కింద, రేడియేటర్ వెనకాల అంటారు. ఎప్పుడొస్తోంది అంటే మాత్రం నీళ్లు నములుతారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎత్తు ఎక్కుతుంటేనా, యాక్సిలరేటర్ వదిలేశాకా? క్లచ్ తొక్కితే పోతోందా, పెరుగుతోందా? నా మటుకు నాకు ‘ఎక్కడ’కు చెప్పే జవాబు మీద పెద్ద నమ్మకం లేదు. పోత ఇనుము చప్పుడును ఈ మూల నుంచి ఆ మూలకు ఇట్టే మోసుకుపోతుంది. ముందు భాగంలో వదులైంది డ్రైవర్ కాళ్ల దగ్గర వినిపించడం మామూలే.

నాది మహీంద్రా ఎంఎం 540. అందులోది ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు కాబట్టి ఆ పేరు. 2112 సీసీ. ఫ్రెంచి కంపెనీ నుంచి 1979లో లైసెన్సు తీసుకుని మహీంద్రా వాళ్లు ఇక్కడే తయారుచేశారు. (కంపెనీ మొదటి పేరు మహీంద్రా అండ్ మహ్మద్. ఆ మహ్మద్, అంటే గులాం మహ్మద్, మన నిజాం ప్రభుత్వంలో ఆర్థిక వ్యవహారాలు చూసినాయనే. దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లి అక్కడ గవర్నర్ జనరల్ అయ్యాడు.)

ఈ ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నా అరుస్తుంది. చలికాలం పొద్దున స్టార్ట్ చేస్తే కాలనీ అంతా లేస్తుంది. చల్లటి సిలిండర్లో పిచికారీ అయిన డీజిల్ వెంటనే అంటుకోదు. ఆ కాస్త ఆలస్యంలో పోగుపడ్డదంతా ఒక్కసారి భగ్గుమంటుంది. ఆ కడకడ అదే. రెండు మూడు కిలోమీటర్లు పోయాక తగ్గుతుంది. అరిగిన పిస్టన్ గోడలకు తగిలే చప్పుడు కూడా వేడెక్కేకొద్దీ సర్దుకుంటుంది, లోహం వ్యాకోచించి సందు పూడుతుంది గనక. కాబట్టి వేడెక్కితే తగ్గే చప్పుడుకు కొంచెం ఓపిక పట్టొచ్చు. వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక మొదలయ్యే చప్పుడు బేరింగులది కావచ్చు. దాన్ని మర్నాటికి వాయిదా వేయకూడదు.

సికింద్రాబాద్‌లో ఉన్నవాడికి ఈ విషయంలో ఒక సుఖముంది. ఇది కంటోన్మెంట్ ఊరు. సైన్యం బండ్లను బాగుచేసే ఈఎంఈ వాళ్ల కాలేజీ తిరుమలగిరిలో 1953 నుంచీ ఉంది. అక్కడ చేసి రిటైరైనవాళ్లు, వాళ్ల దగ్గర పని నేర్చినవాళ్లు చుట్టుపక్కల షెడ్లలో ఇంకా దొరుకుతారు. ఇక బేరింగైనా, బెల్టైనా, ఆయిల్ సీలైనా రాణిగంజ్ సందుల్లో దొరక్కపోతే ఊళ్లో ఇంకెక్కడా దొరకదని లెక్క. ‘ఒరిజినలా, లోకలా’ అని కౌంటర్‌లో వాళ్లే అడుగుతారు, అదొక నిజాయితీ.

ఆ మధ్య నా జీపు ఐడ్లింగ్‌లో టక్‌టక్‌మని కొట్టడం మొదలుపెట్టింది. లోతైన, బరువైన చప్పుడు. ఒక షెడ్డులో బానెట్ ఎత్తి నిమిషం విని, ‘కింద పనైపోయింది, క్రాంకు తీసి గ్రైండింగ్ చేయించాలి’ అని ముప్పై వేల పైచిలుకు చెప్పారు. నాకెందుకో మనసొప్పలేదు. ఆయిల్ ప్రెషర్ ముల్లు చూస్తే ఉండాల్సిన చోటే నిలకడగా ఉంది. క్రాంకు బేరింగులు ఆ చప్పుడు పెట్టేంతగా అరిగితే వేడిమీద ఆ ముల్లు అలా నిలబడదు. బండిని తిరుమలగిరి వైపు నాకు తెలిసిన ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన విన్నది తక్కువ, అడిగింది ఎక్కువ. ఆ తర్వాత పదిహేడో నంబరు పానా, ఒక గుడ్డ పేలిక తీసుకున్నాడు. ఇంజన్ నడుస్తుండగానే మొదటి ఇంజెక్టర్‌కు వెళ్లే పైపు నట్టును అర చుట్టు వదులు చేశాడు. డీజిల్ పేలికలోకి ఊరింది, ఇంజన్ మూడు సిలిండర్ల మీద కుంటింది. టక్‌టక్ మారలేదు. బిగించి రెండోది, మూడోది, నాలుగోది. ఎక్కడా మారలేదు. రాడ్ బేరింగ్ పోయుంటే ఆ సిలిండర్‌లో మంట ఆగగానే రాడ్ మీద దెబ్బ తగ్గి చప్పుడు పడిపోవాలి. (ఇది ఇంట్లో ప్రయత్నించేవాళ్లు చెయ్యి అడ్డం పెట్టొద్దు. ఇంజెక్టర్ పీడనంతో దూకే డీజిల్ చర్మంలోకి దిగిపోతుంది.) తర్వాత ఇంజన్ ఆపి ఫ్యాన్ బెల్టు ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేశాడు. బెల్టు లేకపోతే వాటర్ పంపు తిరగదు, అర నిమిషం మించి నడపకూడదు. ఆ అర నిమిషం చాలింది. చప్పుడు తీరే మారిపోయింది, టక్‌టక్ కాస్తా చిల్లర గలగల అయింది.

ఆపి, క్రాంకు చివరనున్న పుల్లీని రెండు చేతులతో పట్టి ఊపాడు. ఊగింది! వెంట్రుకవాసి కాదు, కంటికి కనిపించేంత. పుల్లీని క్రాంకుకు పట్టి ఉంచే అర్ధచంద్రాకారం కీ ఉంటుంది. అది అరిగి దాని గాడి వెడల్పైంది. తిరిగే ప్రతిసారీ పుల్లీ ఆ గాడిలో అటూ ఇటూ కొట్టుకుంటోంది. బెల్టు ఉన్నప్పుడు దాని బిగువు పుల్లీని ఒక పక్కకి లాగిపెడుతుంది కాబట్టి దెబ్బ బరువుగా వినిపించింది.

‘ఇంజిన్ల లేదు సార్ బీమారి, బయటున్నది’ అన్నాడు ఉస్తాద్. ‘ఇంజిన్ ఇప్పమని ఎవల్ చెప్పిన్రు?’ నేను చెప్పలేదు, ఆయన రెట్టించలేదు. రాణిగంజ్ నుంచి పుల్లీ, కీ తెచ్చాం. ఖర్చు వందల్లో తేలింది.

ఉస్తాద్ దగ్గర పొడవాటి స్క్రూడ్రైవర్ ఉంది. కర్ర పిడి నున్నగా అరిగిపోయింది. మొనను ఇంజన్‌కు ఆనించి పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకుంటాడు. ప్యారిస్‌లో రెనే లెనెక్ అనే వైద్యుడు 1816లో కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండె విన్నాడు, తర్వాత కర్ర గొట్టం చేయించుకున్నాడు, స్టెతస్కోప్ పుట్టుక అది. కానీ మెకానిక్‌కు డాక్టర్‌కు లేని వెసులుబాటు ఒకటుంది. గుండెలో ఒక అరను కాసేపు ఆపి చూడటం లెనెక్ వల్ల కాదు. ఉస్తాద్ ఒక సిలిండర్ని ఆపుతాడు, బెల్టు తీసేస్తాడు, క్లచ్ తొక్కిస్తాడు. ఈ పనిలో చెవి కన్నా అదే ఎక్కువ. చప్పుణ్ణి వినడం ఎవడైనా చేస్తాడు, కావాలని దాన్ని మాయం చేయగలిగినవాడే దాని ఇల్లు కనిపెడతాడు.

క్లచ్ సంగతే చూడండి. న్యూట్రల్‌లో గరగరమని, క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ముందు బేరింగ్‌ను అనుమానించాలి. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగ్‌ది. బండి కదిలేటప్పుడు, రివర్స్ నుంచి ముందుకు మారినప్పుడు ‘ఠంగ్’మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు చూడాలి. ట్రాన్స్‌ఫర్ కేసు కూతకు మాత్రం మందు వెతక్కండి. జీపుల్లో అది పళ్లచక్రాలతోనే నడుస్తుంది, పుట్టినప్పటి నుంచీ కూస్తూనే ఉంది.

పెట్రోల్ జీపుల్లో మోసం ఇంకో రకం. పాత విల్లీస్ నమూనా హరికేన్ ఇంజన్లో ఇన్‌టేక్ వాల్వులు హెడ్ మీద, ఎగ్జాస్ట్ వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ట్యాపెట్లు రెండు చోట్ల సెట్ చేయాలి. కొందరు పైవి మాత్రమే సెట్ చేసి, పక్క కవరు తీయడానికి బద్ధకించి పంపేస్తారు. జబల్‌పూర్‌లో తయారైన జోంగాలో ఆరు సిలిండర్ల నిస్సాన్ పెట్రోల్ ఇంజన్, పొడవాటి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. దాని గ్యాస్కెట్ కాస్త లేచినా అచ్చం ట్యాపెట్‌లాగే టిక్‌టిక్‌మంటుంది. లోడు పడితే పెరిగి, వేడెక్కితే తగ్గుతుంటే ముందు గ్యాస్కెట్ దగ్గర మసి మరక ఉందేమో వెతకండి.

వాట్సాప్‌లో చప్పుడు రికార్డు చేసి పంపేవాళ్లకో మనవి. ఫోన్లు మన మాట వినిపించాలని ఆగకుండా వచ్చే మోతను అణిచేస్తాయి. అంటే మాకు కావలసిందే పోతుంది. దానికన్నా, తలుపుల్లేని జీపుని కంటోన్మెంట్ రాతి గోడ పక్కగా మెల్లగా పోనివ్వండి. కింది నుంచి వచ్చే చప్పుళ్లన్నీ గోడకు తగిలి తిరిగొస్తాయి. ఖర్చు లేని పరికరం.

షెడ్డుకు వేడివేడి బండి తీసుకెళ్లకండి. రాత్రే అక్కడ వదిలి, పొద్దున చల్లటి ఇంజన్ని మెకానిక్ చేతే మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి. ఇంజన్ విప్పాలని అంటే, ఇంజెక్టర్ నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి చూశారా, బెల్టు తీసి చూశారా అని అడగండి. లేదంటే ఇంకో షెడ్డు చూసుకోండి. టక్‌టక్‌తో పాటు ఆయిల్ ప్రెషర్ ముల్లు కూడా పడిపోతుంటే మాత్రం ఈ పరీక్షలేవీ వద్దు. వెంటనే ఆపేసి, తాడు కట్టి లాగించుకురండి.